శిక్షణ కాగితం మీది సంతకం

బకావ్ ఆస్పత్రి, సోమవారం

త్రయాన్ బావగారికి,

సిల్వియు ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం తీసేశారు. కాంక్రీటు మిక్సరు కరెంటు తీగ పైతొడుగు చిరిగిందని, మేస్త్రీ అయిన మీకు రెండుసార్లు చెప్పానంటున్నాడు.

నిన్న కంపెనీ మనిషి నారింజలు పట్టుకొచ్చాడు. "ఇక్కడో సంతకం పెట్టమ్మా, ఆస్పత్రి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. చదివి పెడతానంటే, "చదవడానికేముందమ్మా, మీ బావగారు చూశారుగా" అన్నాడు.

చదివాను. కరెంటు జాగ్రత్తలన్నీ నేర్పినా సిల్వియుకు తన తప్పువల్లే షాక్ కొట్టిందని, పరిహారం అడగబోమని రాసి ఉంది. మార్చి పన్నెండున శిక్షణకు వచ్చినట్టు అతని సంతకంతో ఇంకో కాగితం జతచేశారు.

ఆ రోజు సిల్వియు మా ఊళ్లో మా అమ్మ శవపేటిక మోస్తున్నాడు.

చిన్నప్పుడు తమ్ముడి మార్కుల కాగితం మీద మీ నాన్నగారి సంతకం మీరే పెట్టేవారని మా పెళ్లిలో చెప్పి అందరినీ నవ్వించారు. నేనూ నవ్వాను.

నేను సంతకం పెట్టలేదు, కాగితాలు తిరిగి ఇవ్వలేదు. గురువారం కార్మికశాఖ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆలోగా మీరే వచ్చి చెబితే వింటాను.

సిల్వియుకు ఇంకా ఏమీ తెలియదు. అన్నయ్య ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు.

మీ మరదలు