ఆపరేషన్‌కు ముందు అక్క రాసినవి

ప్రియమైన అక్కకు,

నా గుండెలో కవాటం మార్చడానికి తేదీ ఇచ్చారు. ఇంకా మూడు వారాలుంది. భయంగా ఉందక్కా. ఇరవై ఏళ్ళుగా గుడ్డ కోస్తున్నవాణ్ణి, నిన్న చెయ్యి వణికి మాస్టారి కోటు చంక దగ్గర అడ్డంగా కోసేశాను. నన్ను కోసేవాడి చెయ్యీ అలాగే వణికితే? డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు, ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. నీకు నాలుగేళ్ళ కిందట ఇదే చేశారు కదా, ఉన్నదున్నట్టు రాయి.

నీ తమ్ముడు

ఒరేయ్ పిరికోడా,

మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంటుంది. మాట రాదు. నాకెవరూ ముందు చెప్పలేదు, చచ్చిపోయాననే అనుకున్నాను. అది ఊపిరి అందించడానికి, తర్వాత తీసేస్తారు. దగ్గొస్తే దిండు రొమ్ముకు గట్టిగా హత్తుకుని దగ్గు. కొన్నాళ్ళు ఊరికే ఏడుపొస్తుంది. నేను బడిలో హాజరు పిలుస్తూ ఏడ్చాను, పిల్లలు బిక్కచచ్చిపోయారు. సిగరెట్టు ఈ రోజే మానెయ్. నువ్వు మింగే మాత్రలన్నీ, మోకాళ్ళ నొప్పివి కూడా, డాక్టరుకు చూపించు. ఏది ఆపాలో ఆయనే చెబుతాడు, నీ అంతట నువ్వు ఆపకు. అవునూ, పళ్ళు చూపించుకున్నావా? దీనికి వెంటనే జవాబు రాయి.

ప్రేమతో, అక్క

అక్కా,

సిగరెట్టు మానేశాను. మాత్రల సంచి డాక్టరు బల్ల మీద బోర్లించాను. పన్ను సంగతి నీకొక్కదానికే చెబుతున్నా, నీ మరదలితో అనకు. ఎడమ దవడ పన్ను రెండు నెలలుగా సలుపుతోంది, చిగురు వాచింది. కుడివైపు నములుతూ నెట్టుకొస్తున్నాను. డాక్టరు అడిగితే పళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాను. నిజం చెబితే తేదీ వాయిదా వేస్తారు. ఈ కాస్త ధైర్యం కూడగట్టుకోవడానికే ఆర్నెల్లు పట్టింది. ఇదీ జారిపోతే మళ్ళీ ఆ గడప తొక్కలేను. గుండె బాగయ్యాక పీకించుకుంటాలే. ఇంకా పదిరోజులే.

నీ తమ్ముడు

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి ముందు ఒళ్ళు మండింది. తర్వాత భయమేసి వెంటనే కలం పట్టాను. నీకు చెప్పకూడదనుకున్నది చెబుతున్నాను. నాకు కోసింది ఒకసారి కాదు, రెండుసార్లు. నేనూ తేదీ పోతుందని పన్ను దాచాను. ఆపరేషనైన ఐదో నెలలో జ్వరం పట్టుకుంది. పంటిలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త కవాటాన్ని పట్టేశాయన్నారు. దాన్ని తీసి ఇంకొకటి పెట్టారు. ఆ వేసవిలో శిక్షణకు వెళ్తున్నా, రెండు నెలలు ఉత్తరాలు రాయలేనన్నాను చూడు, అదే. అప్పటికే నీక్కూడా ఈ జబ్బుందని తెలిసింది. నిజం చెబితే భయపడి అసలు చేయించుకోవేమోనని నోరు మెదపలేదు. ఇంకా దాస్తే నిన్ను నేనే చంపినట్టు. ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళు. లేకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్తాను.

అక్క

అక్కా,

వెళ్ళాను. నీ ఉత్తరమే డాక్టరు చేతిలో పెట్టాను. చదివాడు, తిట్టలేదు. పన్ను పీకించారు. వాపు తగ్గి పుండు మానాక, నెలన్నరకు కొత్త తేదీ ఇచ్చారు. ధైర్యం జారిపోతుందనుకున్నా గానీ, జారిపోవడానికి అసలు ఉంటేగా! భయపడుతూనే లోపలికి వెళ్తాను.

మొదటిసారి నిన్ను తీసుకెళ్ళేటప్పుడు ఆపరేషన్ గది తలుపు దాకా నీ చెయ్యి పట్టుకుని నడిచాను. రెండోసారి ఎవరు పట్టుకున్నారక్కా? ఉత్తరంలో రాయకు. తేదీకి ముందురోజే వచ్చెయ్, వచ్చి చెప్పు.

నీ తమ్ముడు