నానమ్మ కథ సగమే చెప్పమన్నారు

తార్నాక,
ఆదివారం సాయంత్రం

నాయనకు, నీ బిడ్డ రూతు వందనాలు.

నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ మందులు వేళకు వేసుకుంటోందా? నానమ్మ సరిగా తింటోందా? ఫోన్‌లో అయితే నువ్వు ‘సరే బిడ్డా’ అని పెట్టేస్తావు, నాకేమో మాటకంటే ముందు ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ రోజూ వాన. హాస్టల్ చారు నీళ్లలా ఉంటుంది గాని తింటున్నాను, బెంగపడకు. ఎవరైనా వస్తుంటే అమ్మ పెట్టిన తొక్కు పంపు. లాలాపేట్‌లో ఒక చర్చి దొరికింది. క్లాసు అయిపోగానే లైబ్రరీలో కూర్చుంటాను. కొత్త మాట దొరికితే నోట్‌బుక్‌లో రాసుకుని, దారిలో పైకే అనుకుంటూ నడుస్తాను. జనం చూస్తారు, చూడనీ.

మనసు మాత్రం బాగాలేదు నాయనా. ఈ శుక్రవారం మా డిపార్ట్‌మెంట్‌లో చర్చాపోటీ. ‘మన దేశం గొప్పదనం యూరప్ సంస్కృతికి రుణపడి ఉందా?’ అన్నది విషయం. లేదని వాదించే జట్టులో నన్ను తీసుకున్నారు. మొదటి ఏడాది వాళ్లలో నన్నొక్కదాన్నే! నానమ్మ కథ రాసుకున్నాను. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని పిల్లకు మిషన్ దొరసాని అక్షరాలు నేర్పింది. ఆ దొరసానే తన బంగళా గడప మాత్రం దాటనివ్వలేదు. వరండాలో నేర్చుకున్నదాన్ని నానమ్మ వాడ పిల్లలందరికీ నేర్పింది. ఇదంతా రాశాను.

మా జట్టు నాయకుడు శ్రీకాంతన్న చదివి, "మస్తు రాసినవ్ చెల్లె. గని దొరసాని చదువు చెప్పిన ముచ్చట తీసెయ్. గడప ముచ్చట ఉంచు. లేకుంటే ఓడిపోతం" అన్నాడు.

"తీసేస్తే అబద్ధం అయితది గదన్నా?"

"అబద్ధం ఎట్లయితది? చెప్తలేవు, గంతే!"

అవతలి జట్టు సునీతక్క క్యాంటీన్‌లో చాయ్ ఇప్పించి, "మా దిక్కు రా పిల్లా. దొరసాని చదువు చెప్పిందను, చాలు. గా గడప పంచాయితీ మనకెందుకు?" అంది.

ఒళ్లు మండింది. వాళ్లమీద కంటే నామీద ఎక్కువ. ఎందుకంటే నిన్న రిహార్సల్‌లో శ్రీకాంతన్న చెప్పినట్టే చదివాను. మరి నానమ్మకు అక్షరాలు ఎలా వచ్చాయని ఒక్కరూ అడగలేదు. చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నాకే సిగ్గేస్తోంది.

ఇవాళ మధ్యాహ్నం శ్రీకాంతన్న దగ్గరికి వెళ్లి, చెబితే మొత్తం చెబుతాను, లేకపోతే చెప్పను అన్నాను. "గట్లయితే వద్దులే" అని నా పేరు కొట్టేశాడు. నేర్పినవాళ్లు పరాయివాళ్లైనా సరే, బయట నిలబెట్టినవాళ్లు మనవాళ్లైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పుకోగలిగిన దేశమే గొప్పదని నాకనిపిస్తుంది. ఆ మాట అనడానికి మూడు నిమిషాలు చాలు. అవే దొరకలేదు.

అమ్మకు, చర్చిలో పెద్దలకు నా వందనాలు. తమ్ముణ్ణి చదువుకోమను.

ఒక్క పని చెయ్యి నాయనా. శుక్రవారం మనవరాలు మాట్లాడుతుందని నానమ్మ ప్రార్థన పెట్టించిందని అమ్మ చెప్పింది. మాట్లాడడం లేదని నువ్వే చెప్పు. గొంతు బాగాలేదని మాత్రం చెప్పకు. నీ కథ సగమే చెప్పమన్నారు, అందుకే మానుకుందని చెప్పు. నిన్న ఒకసారి నేనూ సగమే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అదీ దాచకు.

నా తల మీద నీ చెయ్యి ఉండాలని కోరుకునే
నీ బిడ్డ,
రూతు