ఫోను తీగ లాగించేశాను

గుంటూరు, నల్లపాడు రోడ్డు
ఫిబ్రవరి 2005

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, హాస్టల్లో పిల్లా, కనిగిరిలో అత్తయ్యగారూ కులాసాగా ఉన్నాం. హిమాచల్ కొండల్లో మీరూ చల్లగా ఉండాలని రాయబోయి ఆగాను, అసలే చలికి వణుకుతున్నానన్నారుగా. వెచ్చగా ఉండండి.

పండుమిరపకాయ పచ్చడి మీ మెస్సులో పంజాబీవాళ్ళు సీసాతో సహా నాకేశారని రాశారు. ఈసారి రెండు సీసాలు పంపిస్తాను, ఒకటి మాత్రం మంచం కింద దాచుకోండి. అత్తయ్యగారి కంటికి ఆపరేషను అక్కర్లేదన్నారు డాక్టరుగారు, చుక్కలు చాలట. మీ మోకాలి సంగతి ఈసారీ దాటేశారు. సొరంగంలో దిగి పని చేసే మనిషికి తైలం రాసుకోవటానికి బద్ధకం పనికిరాదు.

ఇక అసలు ప్రశ్న. ఈ ఏడు కూడా బదిలీ రాలేదని ఫోనులో చెబితే నేను "అలాగేనండీ, సంతోషం" అన్నానట. "నేను దూరంగా ఉంటేనే నీకు హాయిగా ఉందా దుర్గా?" అని ఉత్తరంలో అడిగారు. ఆ మాట చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ముందు మనింటికి నెట్ వచ్చిన సంగతి చెప్పనివ్వండి, మీకు కావలసిన జవాబు అందులోనే ఉంది.

అవును, నెట్ పెట్టించుకున్నాను. పిల్ల వదిలేసిన కంప్యూటరు మీద ఇన్నాళ్ళూ గుడ్డ కప్పి ఉంచానుగా, అది తీశాను. మన వీధికి కేబుల్ టీవీ ఇచ్చే కోటేషే ఇప్పుడు నెట్ కూడా ఇస్తున్నాడు. స్తంభాల మీదుగా తీగ లాగి, మెట్ల కింద ఉన్న ఫోన్ల పెట్టె దాకా తెచ్చాడు. అక్కణ్ణుంచి గోడ మీద మేకులు కొట్టి మూడో అంతస్తుకి ఎక్కిద్దామంటే అపార్టుమెంటు సెక్రటరీ త్యాగరాజుగారు అడ్డంపడ్డారు. "రంగులేసి నెల కాలేదమ్మా. ఆ మేకులేవో నేను పోయాక కొట్టుకోండి" అన్నారు. రిటైరైనా హెడ్మాస్టరు హెడ్మాస్టరే. గోడ లోపల టెలిఫోను పైపు ఉందిగా, అందులోంచి తెచ్చుకోమన్నారు.

కోటేష్ పైపులో ఉక్కుతీగ దూరిస్తే అది రెండో అంతస్తు వంపు దగ్గర మొండికేసింది. కింద ఇంట్లో మిరప వ్యాపారం చేసే బుల్లయ్యగారు చూసి, "ఓస్, దీనికింత గొడవా" అంటూ చేలో మందు కొట్టే స్ప్రేయరు పట్టుకొచ్చారు. దూది ఉండకి దారం కట్టి, పైపులో పెట్టి, కిందనుంచి గాలి కొడితే దూది పైకి తేలుతుందట, ఆ దారం వెంట తీగ లాక్కోవచ్చట. ఆలోచన మంచిదే. కాకపోతే ఆ పెట్టె పక్కనే ఆయన మిర్చి యార్డుకి పంపే శాంపిలు కాయలు పట్టా మీద పోసి ఉన్నాయి. వెళ్ళిన గాలి వెళ్ళినట్టే తిరిగొచ్చి వాటి మీద పడింది. మూడంతస్తుల వాళ్ళమూ తుమ్ముకుంటూ డాబా మీదికి పరిగెత్తాం. త్యాగరాజుగారు తుమ్ముకో తిట్టు తిట్టారు. బుల్లయ్యగారు మాత్రం, "సరుకు మంచిదని ఇప్పటికైనా ఒప్పుకుంటారా మాస్టారూ" అన్నారు.

ఘాటు తగ్గాక కోటేష్ నా దగ్గరికొచ్చాడు. "ఇంకొక్క దారుందమ్మా. లోపలున్న ఫోను తీగ తోకకి కొత్తది కట్టి పైనుంచి లాగుతా. పాతది బయటికొస్తా కొత్తదాన్ని లాక్కొచ్చుద్ది. కానీ ఆ సన్న పైపులో రెండూ పట్టవు. మీకిక ఫోనుండదు."

"లాగెయ్యి" అన్నాను.

త్యాగరాజుగారు కంగారుపడ్డారు. "ఆదివారం మీ ఆయన ఫోను చేస్తే ఎట్లామ్మా? పాపం, అంత దూరంలో ఉన్న మనిషి."

అప్పుడు చెప్పాను. మీకు చెప్పకుండా దాచింది ముందు వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది, మన్నించండి.

"ఆయన మాట ఫోనులో నాకు వినపడదండీ మాస్టారూ. ఏడాది దాటింది."

నిజమేనండీ. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది ఏదో కొంచెం. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అందుకుంటాను. ఫోనులో మొహం ఉండదుగా. ఆదివారం పదింటికి రిసీవరు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని, అదిరితే మీరేనని ఎత్తేదాన్ని. లోపల మీ గొంతు పక్కింట్లో పిండి రుబ్బుతున్నట్టు గరగరలాడేది. మీరు ఆగినప్పుడల్లా "అలాగే" అనో, "సంతోషం" అనో అనేదాన్ని, మీరు మంచే చెబుతారన్న నమ్మకంతో. డాక్టరు చెవి మిషను పెట్టుకోమన్నాడు. మా మేనత్తని ఊరంతా చెవిటి రాఘవమ్మ అనేవాళ్ళు. ఆ పేరు నాకూ వస్తుందని భయపడ్డాను. మీరు సొరంగంలో నా దిగులు పెట్టుకుని పని చేస్తారని ఇంకా భయపడ్డాను.

త్యాగరాజుగారు నా ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా నిదానంగా, "గోడ మీదనుంచే వేసుకోమ్మా. మేకులు నేను తెప్పిస్తాను. ఆ ఫోనూ ఉండనీ" అన్నారు. కొత్త రంగు మీద చెయ్యి ఆనించనివ్వని మనిషి! నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఉంచుకుని నేనేం చేసుకోనండీ" అన్నాను.

మన హాల్లోంచి కోటేష్ లాగాడు. కింద బుల్లయ్యగారు తీగకి కొబ్బరినూనె రాసి అందించారు. రెండో అంతస్తులో పైపు వంపు తిరిగేచోట మాస్టారు చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డారు. ఆ వంపు దగ్గర కాస్త బెట్టు చేసి, చివరికి మన ఫోను తీగ మసి పట్టి బయటికొచ్చింది, దాని వెనకే నీలం తీగ. పాతదాన్ని చుట్టచుట్టి బీరువాలో పెట్టాను, పారేయబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి బుల్లయ్యగారు కిందనుంచి కేకేయటం మానేసి, మెట్లెక్కి వచ్చి మొహం చూపించి చెబుతున్నారు. వీళ్ళ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియటం లేదు. అవసరమైతే బుల్లయ్యగారి నంబరుకి ఫోను చేయండి, వచ్చి చెబుతానన్నారు.

ఆదివారం పదింటికే మీ సైటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోండి, ఇక నెట్లో రాసుకుంటూ మాట్లాడుకుందాం. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టటం సెలవుకొచ్చినప్పుడు పిల్ల నేర్పింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటాను, విసుక్కోకండి. అన్నిటికంటే ముందు ఆ రోజు ఫోనులో చెప్పిందే మళ్ళీ చెప్పండి, బదిలీ రాలేదని. ఈసారి సంతోషం అననులెండి.

ఇట్లు,
మీ జవాబు కోసం కాచుకున్న ఇల్లాలు,
దుర్గాంబ