ఫోన్‌లో ఐదు డిగ్రీలు

10 జూన్ 2023, శనివారం

టీకాల ఫ్రిజ్‌లో ఐసు పేరుకుంది. కరిగించి, తుడిచి, మందులు మళ్లీ సర్దాను. లోపలి చల్లదనాన్ని ఫోన్‌కు పంపే సెన్సర్ వైరు చేతికి అడ్డం పడుతుంటే పైన మూత కిందనే టేపు వేసి అంటించాను. తొందరగా చల్లబడాలని నాబ్ చివరిదాకా తిప్పాను. నా పనితనం చూసి నాకే ముద్దొచ్చింది.

12 జూన్, సోమవారం

మా పీహెచ్‌సీ ఏఎన్‌ఎం గ్లోరీ అక్క జడ్చర్లలో పెళ్లికి పోయింది. పోతూ పోతూ, పూటపూటకూ మూత తీసి లోపలి థర్మామీటర్ చూసి చార్టులో రాయమని, ఫోన్‌ను నమ్ముకోవద్దని వంద జాగ్రత్తలు చెప్పింది. మరి సెన్సర్ ఎందుకున్నట్టు? రెండు, ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఫోన్‌లో ఐదు. కుర్చీలోంచి లేవకుండానే ఐదని రాశాను.

బుధవారం మా పాపకు ఆరువారాల టీకా.

13 జూన్, మంగళవారం, ఉదయం

ఐదు.

సాయంత్రం

అక్క వచ్చింది. భుజాన బ్యాగు కూడా దించకుండా మూత తీసింది. అడుగున థర్మామీటర్ మైనస్ రెండు. నాబ్ ఇంకా నేను తిప్పిన చివరనే ఉంది.

ఒక సీసా బయటపెట్టి, కరిగాక ఊపి, బల్ల మీద నిలబెట్టి అరగంట చూసింది. అడుగున తెల్లటి మడ్డి దిగింది. గడ్డకట్టిన మందు గిట్లనే ఉంటది తమ్మీ, గిది పొడిచినా పొడవకున్నా ఒకటే అన్నది.

సెన్సర్ అబద్ధమాడలేదు. నేను అంటించిన చోటు, పైన మూత దగ్గరి సంగతి చెప్పింది, అంతే. రేపు నలభైముగ్గురు పిల్లలు. వాళ్లలో నా కూతురు. నేనే నవ్వుకుంటూ ఎత్తుకొచ్చి ఆ మందు పొడిపించేవాణ్ని.

చార్టు చింపేద్దామా అన్నాను. అక్క కొట్టినంత పని చేసింది. ఎట్ల జరిగిందో గట్లనే రాసి డాక్టర్ సార్‌కియ్యి, నేను పక్కన నిలబడ్త అన్నది. నిలబడింది.

14 జూన్, బుధవారం

సార్ మెమో ఇచ్చారు. తీసుకున్నాను. నల్లగొండ నుంచి కొత్త మందు పదకొండింటికి వచ్చింది. అప్పటిదాకా ఎదురుచూసిన తల్లులకు తప్పు నాదేనని నేనే చెప్పాను. ఒకామె తిట్టింది. మిగతావాళ్లు జర నీడకు జరిగి కూర్చున్నారు.

సూది పడగానే పాప కెవ్వుమంది. మా ఆవిడ రోజారమణి కళ్లు మూసుకుంది. నేను మాత్రం అందరి ముందూ ఏడ్చాను. అక్క కాళ్లకు మొక్కబోతే, సూది చేతిల ఉన్నది, జరుగు అని కసిరింది. ఈ మనిషికి నా బిడ్డ రుణపడి ఉంటుంది. నేను ఇంకా ఎక్కువ.

15 జూన్, గురువారం

ఉదయం తొమ్మిది. ఫ్రిజ్ అడుగున నాలుగు. పాపకు టీకా జ్వరం నూట ఒకటి.

సాయంత్రం ఐదు. ఫ్రిజ్ నాలుగు. పాప తొంభై తొమ్మిది.

అక్కకు రెండూ చెప్పాను. రేపు గూడ చూడు అన్నది.