కాగితం మీద బొట్టు

ప్రొద్దుటూరు, 2-11-1961

చిరంజీవి గురురాజుకు వదిన ఆశీస్సులు.

పొద్దున బియ్యం చెరిగాను, పిండి విసిరాను, నువ్వు మదరాసు సామాను తెప్పించి కట్టిన స్పీకరు పెట్టె గుడ్డ విప్పి దులిపాను.

ఆయుధపూజనాడు నువ్వు ఆ గుడ్డ బిగించకముందే, స్పీకరు నల్ల కాగితానికి తడి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఇప్పుడు చూస్తే సరిగ్గా అక్కడే కాగితం చిరిగి ఉంది. ఆ రోజు నువ్వు పాట పెడితే గరగరలాడింది అందుకే.

మీ అన్న "పాఠాలు చెప్పుకోక నీకెందుకురా ఈ వడ్రంగం?" అని నవ్వితే, నువ్వు తలవంచుకుని పులివెందుల బస్సెక్కావు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, అయినా నోరు విప్పలేదు.

ఇవాళ ఆయనకు చెప్పాను. "కాగితానికి తడిబొట్టేందే? వాడు శానా బాగా కట్టినాడు" అన్నారు, ఇంట్లో అందరూ వినేలా.

కొత్త స్పీకరు కోసం మదరాసుకు రాశాను, వచ్చి బిగించు. ఈసారి బొట్టు చెక్కకే పెడతాను. నేను పడవలసిన మాట నువ్వు పడ్డావు. ఇవాళ నేను పడ్డాను, ఆ బాకీ తీరింది.