ఎవరూ అడగని గౌను

ఇమాము గారికి సలాం.

మా పాప పోయినప్పటినుంచి మా ఆయన కంటతడి పెట్టలేదు. "లోకం మీద మనసు పెట్టుకోకూడదని ఇమాము గారు చెప్పారుగా" అంటూ దాని బట్టలు, చెప్పులు అన్నీ పంచిపెట్టేశారు. నేను ఏడిస్తే, "అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు, ఊరుకోవే" అంటారు.

ఆయన దర్జీ. నిన్న కొట్లో ఎవరూ అడగని చిన్న గౌను కుడుతూ కనిపించారు.

"ఎవరికండీ?" అన్నాను.

తెల్లబోయి చూశారు. తర్వాత కుట్లన్నీ విప్పేశారు. అన్నం ముట్టలేదు.

పసికొడుకు పోతే ప్రవక్త వారు కూడా కన్నీళ్లు పెట్టుకున్నారని మా అమ్మ చెప్పేది. నేను చెబితే ఈయన చెవికెక్కదు. శుక్రవారం ప్రసంగంలో ఆ మాట మీరు చెప్పండి. నేను రాశానని తెలియనివ్వకండి. ఆయన ముందు వరుసలోనే కూర్చుంటారు. ఏడిస్తే ఆపకండి.

మీ కూతురులాంటిది