తాటివనం దిక్కు వంపు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. హుస్నాబాద్ నుంచి మన ఊరి దాకా రోడ్డంతా, ఆన్‌లైన్ మ్యాపులో పెట్టడానికి, నాలుగు దిక్కులూ కనపడేలా ఫొటోలు తీశాను. హెల్మెట్ మీద కెమెరా, జేబులో జీపీఎస్ నడిచే ఫోను. బండి తిరిగిన దారి మ్యాపులో గీతలా పడుతుంది, ఏ ఫొటో ఎక్కడిదో దాన్నిబట్టే తెలుస్తుంది. పని పక్కాగా వచ్చింది. మధ్యలో మాత్రం నీలాగే తాటివనం దిక్కు తిరిగి, నీ పేరిట నేల మీద కల్లు సాక పోసి వచ్చాను.

ఇంటికొచ్చి మ్యాపు చూపించాను. అవ్వ ఆ వంపు మీద వేలు పెడితే తాటిచెట్ల ఫొటో తెరుచుకుంది.

"గీడనేనా, మీ బాపు బండి రోజూ పంచరయ్యేది?"

ఆ వంపు తీసేస్తానన్నాను.

"ఉండనీ బిడ్డా. ఎంత లేటైనా ఇంటికైతే వస్తుండె గదా."